అయ్యా, నా మాడు ఉమ్మడి ఆస్తి కాదు

మహాజనులకు ఒక గృహస్థు సవినయంగా విన్నవించుకునేదేమనగా:

తూర్పు ముఖంగా కూర్చున్నప్పుడు తూర్పున నుదురు, పడమర మెడ, ఉత్తరాన ఎడమ చెవి, దక్షిణాన కుడి చెవి హద్దులుగా గల స్థలం నాది. పుట్టుకతో సంక్రమించింది, నేటికీ నా స్వాధీనంలోనే ఉంది. ఒకప్పుడు అందులో దట్టంగా ఉన్న అడవి నానాటికీ పలచబడిన మాట నిజమే. చెట్లు పోయినంత మాత్రాన పట్టా పోదు. అటువంటి స్థలంలోకి నోటీసు లేకుండా, హక్కుదారు సంతకం లేకుండా, ఇంటివాళ్ళు, పక్కింటివాళ్ళు, శుభలేఖలు పంచడానికి వచ్చిన చుట్టాలు నూనె గిన్నెలతో దిగబడుతున్నారు. ఇదేమిటని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పొట్టు రాలుతోందిగా!"

రాలుతోంది. దాచేదేం లేదు. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి నా భుజాల మీద తెల్లటి పొలుసులు చేరతాయి. ముదురు రంగు చొక్కాలన్నీ బీరువాలోకి పోతాయి. ఆఫీసులో మిత్రుడు అయ్యప్ప మాల వేసుకుని, "నువ్వూ వేసుకోవోయ్, మనసు కుదుటపడుతుంది" అన్నాడు. భక్తికి లోటు లేదు. 41 రోజులు నల్లబట్టలు కట్టాలే అన్న బెంగతోనే వెనక్కి తగ్గాను. అంచేత రాలుతున్నదాన్ని గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. నా ఫిర్యాదు పొలుసుల మీద కాదు, వైద్యుల మీద.

షుగరొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు. పన్ను నొప్పెడితే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు. మాడు మీద పొట్టు లేస్తే మాత్రం చూసినవాళ్ళంతా వైద్యులే. ఆ వైద్యులందరికీ తెలిసిన మందు ఒక్కటే, నూనె. ఏ నూనె అన్న దగ్గరే తగాదా. ఆ తగాదా తేల్చుకునే రణరంగం నా నెత్తి. ఇక ప్రతివాదులను వరసగా మనవి చేసుకుంటాను.

మొదటి ప్రతివాది మా అమ్మ. ఆవిడది ఆముదం పక్షం. "ఒరేయ్ పెద్దాడా, మాడు ఎండిపోయిందిరా, ఇంత ఆముదం పెడితే చలవ చేస్తుంది" అంటూ మొదలుపెడుతుంది. ఆముదంలో పదింట తొమ్మిది వంతుల దాకా రిసినోలిక్ ఆమ్లమనే ఒకే ఒక కొవ్వు ఆమ్లం ఉంటుంది. అంత చిక్కదనం దాని చలవే. ఒకసారి నెత్తికెక్కిందంటే దిగదు. ఆముదం తాగిన మొహం అంటారే, రాసుకున్న మొహం కూడా అచ్చం అదే. దాన్ని వదిలించాలంటే కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, రసం పిసికి రుద్దాలి. ఆ రసం కళ్ళల్లోకి పోతే నోట్లో ఉప్పుకల్లు వేస్తే మంట తగ్గుతుందని మా అమ్మ సిద్ధాంతం. కంటికీ ఉప్పుకీ ఏం చుట్టరికమో ఇన్నేళ్ళయినా నాకు బోధపడలేదు. ఈ వయసులో, ఇంటి పెద్దనన్న గౌరవం కూడా లేకుండా, నోట్లో ఉప్పుకల్లుతో బాత్రూమ్ పీట మీద కూర్చోవలసిరావడం నా పరువుకు భంగం అని మనవి.

రెండో ప్రతివాది మా ఆవిడ. పుట్టిల్లు కోనసీమ. అక్కడివాళ్ళకి కొబ్బరికాయ తర్వాతే ఏదైనా. తలనొప్పికీ కొబ్బరినూనే, కాలి పగుళ్ళకీ కొబ్బరినూనే, కిర్రుమనే తలుపు బందుకీ కొబ్బరినూనే. 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకట్టే ఆ నూనె మా హైదరాబాదు చలికాలంలో పొద్దున్నే రాయై కూర్చుంటుంది. దాన్ని కరిగించడానికి వేన్నీళ్ళ గ్లాసులో సీసా నిలబెట్టాలి. ఆ గ్లాసు నా కాఫీ గ్లాసే అవుతుంది. "వెంట్రుకలోపలికి ఇంకేది ఇదొక్కటేనండీ, పరిశోధనలు చేశారు" అంటుంది. చేశారు. 2003లో అచ్చయిన అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలం మూడింటినీ పోల్చి, వెంట్రుకలోని ప్రోటీను పోకుండా కాపాడేది కొబ్బరినూనె ఒక్కటే అని తేల్చారు. తేల్చినవాళ్ళు కొబ్బరినూనె అమ్మే కంపెనీ శాస్త్రవేత్తలే అన్నది వేరే సంగతి. ఫలితం నిజమే అనుకుందాం. అది వెంట్రుకకు చేసే మేలు. నా కేసులో ఆ లబ్ధిదారులు ఎందరు మిగిలారన్నది న్యాయస్థానం వారు స్వయంగా పరిశీలించవచ్చు. రాలుతున్నది చర్మం.

అసలీ కొబ్బరినూనె స్వభావమే తగాదాకోరుది. ఇది వంటనూనా, తలనూనా అన్న పన్ను వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కేరళవాళ్ళు కూరలో వేసుకునేదాన్ని మనం నెత్తిన పెట్టుకుంటాం, మధ్యలో పన్ను అధికారులకు తల తిరిగింది. అప్పట్లో వంటనూనె అయితే పన్ను తక్కువ, తలనూనె అయితే ఎక్కువ. జీఎస్టీ లెక్కలో 5 శాతానికీ 18 శాతానికీ ఉన్న తేడా. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరికి 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని, చిన్న సీసాలో పోసినంత మాత్రాన కొబ్బరినూనె తలనూనె అయిపోదు, ఆహార ప్రమాణాలకు సరిపోయి వంటనూనెగా అమ్ముతుంటే అది వంటనూనే అన్నారు. ఆ మర్నాడు మా ఆవిడకి పేపరు చూపించి, "చూశావా, వంటింట్లో ఉండవలసిన పదార్థం ఇది" అన్నాను. "అయితే వంటింట్లోనే రాస్తాను, ఇలా వచ్చి కూర్చోండి" అంది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె మీద పన్ను కూడా 5 శాతానికే దించారు. నూనె మీద పన్ను తగ్గించిన ప్రభుత్వం, నూనె పడే తలకు ఊరట ఏమీ ప్రకటించలేదు.

మూడో ప్రతివాది మా అమ్మాయి. దానిది విదేశీ శాఖ. చుక్కలు చుక్కలుగా పడే గొట్టం బిగించిన బుల్లి సీసాలు, ఒక్కోదాని వెల మా నెల పాల బిల్లుకు దరిదాపుల్లో ఉంటుంది. మొరాకో నుంచి ఆర్గాన్ నూనె. ఎడారి మొక్క గింజల నుంచి జొజోబా నూనె. ఈ జొజోబా నిజానికి నూనె కూడా కాదు, కరిగి ఉన్న మైనం. నూనె అన్న పేరు పెట్టుకుని మైనం కూడా నా నెత్తి మీదికి వచ్చి కూర్చుందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో గమనించగలరు. ఇక ఆస్ట్రేలియా వారి టీ ట్రీ నూనె. "నాన్నా, దీనికి ప్రూఫ్ ఉంది" అంది. ఉన్న మాట నిజమే. 2002లో సిడ్నీ డాక్టర్లు 126 మంది మీద నాలుగు వారాలు పరీక్షిస్తే, టీ ట్రీ నూనె కలిపిన షాంపూ వాడినవాళ్ళలో 41 శాతం మెరుగు కనిపించింది, ఉత్త షాంపూ వాడినవాళ్ళలో 11 శాతం. అయితే అందులో నూనె పాలు 5 శాతం. రాసిన కాసేపటికి కడిగేసే షాంపూ అది. మా అమ్మాయి మాత్రం 5 శాతానికి ఇంత గుణముంటే 100 శాతానికి ఎంత ఉండాలి అని త్రైరాశికం వేసింది. లెక్క తప్పలేదు, నా మాడే మండింది. ఘాటైన ఇలాంటి తైలాన్ని దేంట్లోనూ కలపకుండా చర్మానికి పూస్తే ఒరుసుకుపోవడం, ఎర్రగా కందిపోవడం మామూలే.

నాలుగో ప్రతివాది పై అంతస్తు మాస్టారు. రిటైరయ్యాక గానుగ నూనెకు ప్రచారకర్తగా కుదురుకున్నారు. నువ్వులనూనె తప్ప తక్కినవన్నీ కల్తీ అని ఆయన మతం. లిఫ్టులో పట్టుకుంటే అయిదంతస్తులూ నువ్వుల మహిమే. "నరకచతుర్దశి నాడు నూనెలో లక్ష్మీదేవి ఉంటుంది, మరిచిపోయారా?" అంటారు. మరిచిపోలేదు. దీపావళి తెల్లవారుజామున తలంటు, ఉగాది నాడు తలంటు, సున్నిపిండి నలుగు, వీటి జోలికి నేను వెళ్ళను. అమ్మవారు ఏడాదికొకసారి నూనెలోకి వస్తే చేతులెత్తి దండం పెడతాను. ఆవిడ పేరు చెప్పి మాస్టారు రోజూ రావడం మీదే నా అభ్యంతరం.

అయిదో ప్రతివాది మా బావమరిది. ఆయనకు ఏ పక్షమూ లేదు, ఆఫరు ఎటుంటే అటు. "బావగారూ, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ" అంటూ ఆకుపచ్చ సీసా తెచ్చాడు. సీసా మీద జామకాయంత ఉసిరికాయ బొమ్మ. కళ్ళజోడు పెట్టుకుని వెనక వైపు సన్నక్షరాలు చదివితే మొట్టమొదటి పదార్థం లిక్విడ్ పారఫిన్. అంటే పెట్రోలియం శుద్ధి చేయగా వచ్చిన ఖనిజ తైలం. ఉసిరి ఎక్కడో చివర, రంగుకూ వాసనకూ ముందు వరసలో, భయంభయంగా నిలబడి ఉంది. మార్కెట్లో వాసన నూనెలు చాలావాటిది ఇదే కథ. ఇవిగాక మెంతులూ పుల్లపెరుగూ, మందారాకు, గుంటగలగరాకు, నిమ్మరసం వగైరా వంటింటి విభాగం వేరే ఉంది. నిమ్మరసం ఒక్కదాని గురించి చెప్పి ఊరుకుంటాను. గీరుకుని పుండుపడిన మాడు మీద నిమ్మచెక్క రుద్దినవాడికి నరకంలో శిక్షల పట్టిక చదవనక్కర్లేదు.

గమనించవలసిన ముఖ్యాంశం ఏమిటంటే, ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా నా మాడు చూడలేదు. అందరూ సీసా చూశారు, లేబులు చూశారు, ధర చూశారు. నూనె పోయబోయే చోట ఏముందో వెంట్రుక పాయ తీసి చూసిన పాపాన పోలేదు.

ఆ పని చేసింది ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ. దీపం ఉన్న చిన్న భూతద్దం పెట్టి, నడినెత్తి, చెవుల వెనక, మెడ మొదలు, కనుబొమలు, ముక్కు పక్కలు అన్నీ చూసి, "మీది రెండు రకాలూ ఉన్నాయండీ" అంది. చివరికి సర్వే జరిగేసరికి నా స్థలంలో మెట్ట, మాగాణీ రెండూ ఉన్నాయని తేలింది. చెవుల వెనకా, మెడ మొదట్లోనూ మెట్ట. చర్మం బిగుసుకుపోయి, సన్నటి పొడి పొట్టు లేస్తుంది. మరుగు నీళ్ళ స్నానం, ఘాటు షాంపూ, చలిగాలి, ఇవి దానికి కారణాలు. నడినెత్తిన మాగాణి. అక్కడి పొలుసులు పెద్దవి, కాస్త పసుపుపచ్చవి, జిడ్డుగా అంటుకుని ఉంటాయి. కనుబొమల్లోనూ ముక్కు పక్కలా కూడా అదే జిడ్డు పొట్టు. ఇది చుండ్రు, అదీ ముదిరిన రూపంలో. రెండింటినీ కలిపి "ఎండిపోయింది" అనడం మన ఇళ్ళల్లో అలవాటు.

చుండ్రు వెనక ఉన్నది మలసేజియా అనే సూక్ష్మమైన శిలీంధ్రం. 1874లో ఫ్రాన్సుకు చెందిన లూయీ మలాసే దీన్ని చుండ్రు పొలుసుల్లో గుర్తించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. ఇది ఇంచుమించు అందరి నెత్తి మీదా కాపురం ఉంటుంది, కొందరితోనే పేచీకి దిగుతుంది. 2007లో దీని జన్యువులన్నీ చదివితే తెలిసిందేమంటే, కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే సాధనం దీని దగ్గర లేదు. సొంత వంట రాదు. మన చర్మగ్రంథుల నుంచి వచ్చే జిడ్డే దీని భోజనం. యవ్వనంలో ఆ గ్రంథులు పుంజుకున్న దగ్గర్నుంచే చుండ్రు మొదలయ్యేది అందుకే. జిడ్డును విడగొట్టి తనకు కావలసిన ఆమ్లాలు తినేసి, ఓలిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. అది చర్మంలోకి దిగి మంట పెడుతుంది, దురద పుట్టిస్తుంది. మామూలుగా నెల రోజులు తీసుకుని పైకి వచ్చే చర్మకణాలు తొందరపడి, పూర్తిగా పండకుండానే గుంపులు గుంపులుగా రాలిపడతాయి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. 11 నుంచి 24 కర్బనాల పొడవున్న కొవ్వు ఆమ్లాలు ఈ శిలీంధ్రానికి ఆహారం. కొబ్బరినూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లానికి 12. నువ్వులనూనెలో చెరో 40 శాతం చొప్పున ఉండే ఓలిక్, లినోలిక్ ఆమ్లాలకు 18. ఆలివ్ నూనె అయితే అధికభాగం ఓలిక్ ఆమ్లమే. చుండ్రు తత్వం ఉన్నవాళ్ళ మాడుకు ఉత్త ఓలిక్ ఆమ్లం పూసినా పొట్టు లేస్తుందని ప్రయోగాల్లో తేలింది. అంటే మా ఇంటిల్లిపాదీ కలిసి నా నెత్తి మీద నిత్యాన్నదాన సత్రం నడుపుతున్నారన్నమాట. ఆ శిలీంధ్రం ముట్టుకోనివాటిలో ఖనిజ తైలం ఒకటి. పెట్రోలియాన్ని అది తిండిగా లెక్కచేయదు. నేను ఈసడించుకున్న బావమరిది సీసా మాత్రం శత్రువుకు మెతుకు వేయలేదు. ఈ సంగతి ఆయనకు తెలియనివ్వవద్దని మనవి, పండక్కి డజను తెస్తాడు.

డాక్టరమ్మ చెప్పిన వైద్యం నాలుగు ముక్కల్లో ఉంది. నడినెత్తికి నూనె బంద్. వారానికి రెండుసార్లు కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూ మాడుకు పట్టించి, అయిదు నిమిషాలు ఆగి కడగాలి. నాలుగు వారాలు చూడాలి. చెవుల వెనక, మెడ దగ్గర పొడిగా ఉన్నచోట నూనె తప్పు కాదు. తలంతా పోసుకుని పడుకునేంత కాదు, నాలుగంటే నాలుగు చుక్కలు, వేలి కొసతో, వెంట్రుకలకు కాకుండా చర్మానికి. అది పైన పొరలా నిలిచి తడి ఆరిపోకుండా కాపాడుతుంది, పొలుసులను మెత్తబరుస్తుంది. స్నానానికి అరగంట, గంట ముందు రాసి, గోరువెచ్చటి నీళ్ళతో, మెత్తటి షాంపూతో పూర్తిగా వదిలించాలి. గోళ్ళతో గీరకూడదు, పేల దువ్వెనతో చెక్కకూడదు. వెండిరంగు పొలుసులు మందంగా పేరుకుని, వెంట్రుకల సరిహద్దు దాటి నుదుటి మీదికి వచ్చినా, మోచేతులూ మోకాళ్ళ మీద కనిపించినా అది సోరియాసిస్ కావచ్చు. పిల్లల తల మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడి పొట్టు లేస్తే తామర కావచ్చు. ఆ రెండూ నూనెతో పోయేవి కావు, డాక్టరుకు చూపించాలి.

తీర్పు ఇంత స్పష్టంగా వచ్చాక ఎవరైనా ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు. నేనూ అనుకున్నాను. చీటీ తెచ్చి హాల్లో చదివి వినిపించాను. "నూనె రాయమందిగా మరి!" అంది మా అమ్మ. "కొబ్బరినూనె వద్దని ఎక్కడైనా ఉందా? ఏదీ చూపించండి" అంది మా ఆవిడ. "నాలుగు చుక్కలంటే డ్రాపర్‌తోనేగా నాన్నా, అంటే నా సీసాయే" అంది మా అమ్మాయి. "గోరువెచ్చటి నీళ్ళన్నారంటే అభ్యంగనమనేగా అర్థం" అన్నారు పై అంతస్తు మాస్టారు. ఒకే తీర్పులో అందరూ గెలిచారు. ఓడింది కక్షిదారు ఒక్కడే.

దీర్ఘంగా ఆలోచించగా ఈ కుట్ర మర్మం నాకు బోధపడింది. నూనె నా మాడు కోసం కాదు. తలంటు అనేది మా ఇంట్లో విచారణ సంఘం. మగవాడు పీట మీద కూర్చుని, తల వంచి, కళ్ళు మూసుకుని, మొహమంతా నూనె కారుతుండగా, లేచి పోలేడు, ఫోను వచ్చిందని వరండాలోకి జారుకోలేడు. పాత ఫ్రిజ్ సంగతీ, పెద్దత్తయ్య మనవరాలి పెళ్ళికి ఇవ్వవలసిన బహుమతి సంగతీ, బ్యాంకులో వేశానన్న డబ్బు సంగతీ సరిగ్గా అప్పుడే బయటికి వస్తాయి. "ఊఁ అనండి మరి" అంటూ మాడు మీద అరచేత్తో ఒక్కటి తడితే ఎవరైనా ఊఁ అంటారు. మా ఇంట్లో గత కొన్నేళ్ళలో జరిగిన పెద్ద ఖర్చులన్నీ తలంటు నాడే ఆమోదం పొందాయి. కావాలంటే కుంకుడుకాయల పద్దు పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఇంత అక్కరకొచ్చే పదార్థాన్ని శిలీంధ్రం పేరు చెప్పి ఏ గృహిణి వదులుకుంటుంది?

కావున ఈ అర్జీదారు కోరే ఉపశమనాలు ఇవి. ఎవరికి ఏ నూనె మీద ఎంత ప్రేమ ఉన్నా, ముందు పాయ తీసి మాడు చూడాలి. జిడ్డు పొలుసు కనిపిస్తే గిన్నె వెనక్కి తీసుకుపోవాలి. పొడి చోట రాసినా చుక్కల లెక్కే తప్ప గరిటెల లెక్క ఉండరాదు. రాత్రంతా నానబెట్టే పద్ధతి రద్దు చేయాలి, ఇప్పటికే పాడైన దిండు గలీబులకు పరిహారం ఇప్పించాలి. నా పేర రాసిన మందు షాంపూ సీసా వారం తిరక్కుండానే సగానికి ఎలా దిగిందో, ఇంట్లో ఎవరి తల ఆ వాసన వేస్తోందో దర్యాప్తు జరిపించాలి. దీపావళి, ఉగాది రెండు రోజులూ ఈ ఆంక్షల నుంచి మినహాయింపు. ఆ రెండు రోజులూ తలంటు సమయంలో ఆర్థిక విషయాలు ప్రస్తావించరాదు.

తుది తీర్పు వచ్చేలోగా కనీసం ఈ ఆదివారానికైనా స్టే ఇప్పించవలసిందిగా ప్రార్థన. వంటింట్లోంచి ఆముదం కాగుతున్న వాసన వస్తోంది, ఫ్రిజ్ కంపెనీవాళ్ళ కొత్త ధరల కాగితం డైనింగ్ టేబులు మీద కనిపిస్తోంది. కనుక ఈ అర్జీని అత్యవసర జాబితాలో చేర్చుకోగలరు.

ఇట్లు,
పీట మీదికి పిలుపు అందుకున్న ఒక గృహస్థు